మంచుకోటకు కన్నం: పర్లాకిమిడిలో ఒక పాఠకురాలి ప్రసంగ పాఠం

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి చాప మీద కూర్చోండి. వెనకాల ఫ్యాను చప్పుడుకు నా మాట సరిగా వినపడదు.

ఈ నెల ఏదైనా పుస్తకం గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు, ఏ కథల సంపుటో తెస్తానని మీరు అనుకుని ఉంటారు. నేను తెచ్చింది ఇదిగో, ఇది. ఇంగ్లీషు నవల. పేరు సిక్స్ ఆఫ్ క్రోస్. పేకముక్కల్లో ఇస్పేటు ఆరు, కళావరు ఆరు అంటాం కదా, అలా ఇది కాకుల ఆరు. రాసినావిడ లీ బార్డూగో, అమెరికా రచయిత్రి. 2015లో వచ్చింది. టీనేజీ పిల్లల కోసం రాసిన ఫాంటసీ. కెటర్‌డామ్ అనే రేవుపట్నంలో ఆరుగురు కుర్రకారు. ఉత్తరాన మంచుదేశంలో ఒక కోట. ఇంతవరకు ఎవరూ దొంగచాటుగా అందులోకి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాలేదు. అందులో ఖైదీగా ఉన్న ఒక శాస్త్రవేత్తను బయటికి తెస్తే మూడు కోట్ల క్రూగెలు ఇస్తానని ఒక వర్తకుడు బేరం పెడతాడు. క్రూగె అంటే అక్కడి డబ్బు. కథ ఇంతే.

నేను దీన్ని చదివిన తీరు ముందు చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయం అంతా అక్కడి నుంచే వచ్చింది. మా మేనల్లుడు ఎనిమిదో తరగతి. మన ఊళ్ళో చాలా ఇళ్ళల్లో పిల్లల్లాగే ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్ళో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ తెలుగు అక్షరం రాదు. వాళ్ళక్క విశాఖపట్నంలో చదువుతోంది, దసరా సెలవులకు వచ్చినప్పుడు ఈ పుస్తకం ఇక్కడ వదిలేసి వెళ్ళింది. వీడు పది పేజీలు చదివి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "అత్తా, ఏటీ అర్థం కాలేదు, నువ్వు చెప్పు" అన్నాడు. అప్పటినుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక అధ్యాయం. నేను ఇంగ్లీషులో కళ్ళతో చదువుకుంటూ పోవడం, నోటితో తెలుగులో చెప్పడం. రెండు నెలలకు పైగా పట్టింది. ఇలా చెప్పాలంటే ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి. ఆగినప్పుడే పుస్తకంలో ఏది గట్టిదో ఏది డొల్లో తెలుస్తుంది.

మొట్టమొదటి ఇబ్బంది హైస్ట్ అనే మాటతోనే వచ్చింది. ఇది హైస్ట్ నవల అంటారు. తెలుగులో ఏమని చెప్పను? దోపిడీ అన్నాను. దోపిడీ అంటే కత్తి చూపించి లాక్కోవడం, ఇందులో అది కాదు. దొంగతనం అంటే కోడిని ఎత్తుకుపోయినా దొంగతనమే. చివరికి మా అమ్మ, వంటింట్లోంచి వింటూనే ఉంది, "కన్నం వెయ్యడమే కదే, దానికింత ఆలోచనేటి?" అంది. అవును, కన్నమే. మన దగ్గర కన్నపు దొంగ అంటే ఒక పనితనం ఉన్నవాడు. గోడ చూసుకోవాలి, ఇటుక కాల్చిందా పచ్చిదా చూసుకోవాలి, ఇంట్లోవాళ్ళ నిద్ర చూసుకోవాలి. శూద్రకుడి మృచ్ఛకటికంలో మూడో అంకం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. శర్విలకుడు రాత్రిపూట చారుదత్తుడి గోడ ముందు నిలబడి, కన్నం తామరపువ్వులా వేయాలా, నెలవంకలా వేయాలా, పూర్ణకుంభంలా వేయాలా అని ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయి వస్తే జంధ్యంతో కొలుస్తాడు. ఆ గోడలోని కన్నానికి సంస్కృతంలో వాడిన మాట సంధి. మనం వ్యాకరణంలో నేర్చుకునే సంధే. ఇటుకకూ ఇటుకకూ అతుకు ఉన్నచోట కదా దొంగ చెయ్యి పెట్టేది.

దొంగతనాల కథ పిల్లలకు చెప్పొచ్చా అని ఇందాక మాస్టారు టీ తాగుతూ అడిగారు. చెప్పొచ్చు మాస్టారూ, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. దండి దశకుమారచరితం కూడా కుర్రవాళ్ళ కథే. పదిమంది, విడిపోయి, మళ్ళీ కలిసి, ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటారు. అందులో అపహారవర్మ చంపానగరంలో పిసినారుల ఇళ్ళకు కన్నాలు వేస్తాడు. వాడి సామాను జాబితా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. గునపం, పట్టకారు, కొలతాడు, కన్నంలోంచి ముందు లోపలికి పెట్టి చూడటానికి మనిషి తల బొమ్మ, దీపం ఆర్పడానికి పురుగుల డబ్బా. దాన్ని కేతన 13వ శతాబ్దంలో తెలుగు చేసి తిక్కనకు అంకితం ఇచ్చాడు. తిక్కన పుచ్చుకున్న కథను మనం పిల్లలకు చెప్పలేమా?

ఈ నవలలోనూ అంతే, ఆరుగురూ తలా కొంత కథ మోస్తారు. అధ్యాయం పైన ఎవరి పేరుంటే వాళ్ళ కళ్ళతో చూడాలి. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచిందేమిటంటే, బయట వీళ్ళు కోటకు కన్నం వేస్తుంటారు, లోపల రచయిత్రి వీళ్ళకు కన్నం వేస్తుంటుంది. ప్రతివాడికీ ఒక గోడ ఉంటుంది. ఆ గోడలో అతుకు ఎక్కడుందో ఆవిడకు తెలుసు. కోటలోకి వెళ్ళే దారి కావాలనే ఆ అతుకు మీదుగా తీసుకెళ్తుంది.

కాజ్ బ్రెకర్ సంగతి చూడండి. జట్టుకు నాయకుడు, పదిహేడేళ్ళు. చేతికర్రతో కుంటుతూ నడుస్తాడు. చేతులకు ఎప్పుడూ నల్ల తొడుగులు. వాడి చేతులు పులిపంజాలనీ, రక్తపు మరకలు పోవనీ ఊరంతా కథలు చెప్పుకుంటారు. అసలు సంగతి, వాడు మనిషి ఒంటిని తాకలేడు. చిన్నప్పుడు తొమ్మిదేళ్ళవాడు అన్నతో కలిసి పల్లెనుంచి పట్నం వచ్చాడు. ఒక మోసగాడు ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. మహమ్మారి వచ్చింది. ఇద్దర్నీ చచ్చినవాళ్ళ కింద లెక్కేసి శవాల పడవలో పడేశారు. వీడు బతికే ఉన్నాడు. ఒడ్డుకు రావడానికి ఆధారం ఏమీ లేక, అన్న శవాన్ని పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. ఇది చెప్పిన రాత్రి మా వాడు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి పడుకున్నాడు.

ఇప్పుడు కోటలోకి దారి ఎటు? ఖైదీల బండిలో. ముసుగులు వేసి, సంకెళ్ళు వేసి, మనిషి మీద మనిషిని కుక్కిన బండి. ప్లాను వేసింది కాజే. అంత లెక్కగలవాడు, గోడలూ కాపలాలూ గంటలూ అన్నీ లెక్కేసుకున్నవాడు, ఆ బండిలో తన ఒంటికి ఇంకో ఒళ్ళు ఆనితే ఏమవుతుందో తెలిసీ ఎక్కాడు. స్పృహ తప్పిపోయాడు. పుస్తకంలో కత్తిపోట్లున్నాయి, బాంబులున్నాయి. నాకు ఊపిరాడనిది మాత్రం ఇక్కడే. పండగ ముందురోజు సాయంత్రం పాతపట్నం వైపు వెళ్ళే ఆటోలో పదకొండు మంది మధ్య కూర్చున్నప్పుడు నాకు ఆ బండే గుర్తొచ్చింది.

రచయిత్రికి ఆస్టియోనెక్రోసిస్ అనే ఎముకల జబ్బు ఉంది. ఆవిడా చేతికర్ర వాడతారు. ఇది నాకు పుస్తకం అయిపోయాక తెలిసింది. అప్పుడు వెనక్కి వెళ్ళి చూశాను. కాజ్ మెట్లెక్కే ప్రతిచోటా ఆ నొప్పి ఎంత కచ్చితంగా ఉందో! ఎక్కడా జాలి లేదు. కాలు బాగవ్వాలని ఎవరూ కోరుకోరు. అది వాడి కాలు, అంతే. వైకల్యం ఉన్న పాత్ర కనబడితే మన సినిమాల్లో అయితే దుర్మార్గుడు, లేకపోతే దేవుడిలాంటి మంచివాడు. ఈ పిల్లవాడు రెండూ కాదు.

ఇనెజ్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. పదహారేళ్ళ పిల్ల. వాళ్ళది ఊరూరా తిరిగి ఆటలు ఆడే కుటుంబం, ఈ పిల్ల తాడు మీద నడిచేది, కింద వల లేకుండా. మనం చిన్నప్పుడు సంతలో దొమ్మరివాళ్ళ గడసాము చూశాం కదా, ఆ వేళ్ళతో తాడును పట్టుకోవడం, అదే నేను మా వాడికి చెప్పాను. పద్నాలుగేళ్ళప్పుడు బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయి పట్నంలో ఒక వేశ్యాగృహానికి అమ్మేశారు. అమ్మడం అంటే కాగితం మీద అమ్మకం కాదు. అక్కడ బానిసత్వం చట్టప్రకారం లేదు. అక్కడున్నది ఒప్పందం. నువ్వు ఇంత బాకీ, ఆ బాకీ తీరేదాకా పని చెయ్యాలి. తిండికి ఇంత, బట్టకు ఇంత అని బాకీలో కలుపుతూనే ఉంటారు, అది తీరదు.

ఈ మాట చదివి నేను పుస్తకం పక్కన పెట్టాను. మనకు ఇది కొత్త విషయమా? మన ఒడిశాలో దాదన్ అనే మాట తెలియని ఇల్లుందా? సర్దారు ముందు అడ్వాన్సు ఇస్తాడు, కుటుంబం కుటుంబం ఇటుక బట్టీకి వెళ్తుంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం ఉంది, అడ్వాన్సూ ఉంది. కెటర్‌డామ్‌ను డచ్చివాళ్ళ పాత ఆమ్‌స్టర్‌డామ్ పోలికలతో కట్టారు రచయిత్రి. కాలవలు, వర్తక సంఘం, ఓడలు. ఆ డచ్చివాళ్ళు మన సముద్రతీరంలోనూ వ్యాపారం చేశారు, భీమిలిలో వాళ్ళ సమాధులు ఇవాళ్టికీ ఉన్నాయి. ఈ తీరం నుంచి వాళ్ళ ఓడల్లో గుడ్డలూ వెళ్ళాయి, మనుషులూ వెళ్ళారు. అందుకని ఇది ఎక్కడో కల్పించిన ద్వీపం కథ అని నాకు అనిపించలేదు.

ఇనెజ్ గోడ ఏమిటంటే, ఆ ఇంట్లో ఉన్న ఏడాదిలో తన ఒంటినుంచి తానే బయటికి వెళ్ళిపోవడం నేర్చుకుంది. కనిపించకుండా ఉండడం, చప్పుడు లేకుండా నడవడం అలా వచ్చాయి. జట్టులో ఆమెను దెయ్యం అంటారు, ఇష్టంగానే అంటారు. ఆమె దగ్గర కత్తులుంటాయి, ఒక్కో కత్తికి ఒక్కో పుణ్యమూర్తి పేరు. మా అమ్మకు ఈ సంగతి ఎంతో నచ్చింది. కోటలో ఆమె వంతు, చెత్త కాల్చే కొలిమి గొట్టంలోంచి పైకి ఎక్కడం. ఆరంతస్తుల ఎత్తు. చల్లగా ఉంటుందనుకున్నారు. అది ఇంకా చల్లారలేదు. కింద నిప్పులున్నాయి. వేళ్ళకు అంటిపెట్టుకునే రబ్బరు జోళ్ళు కరిగిపోతున్నాయి, నడుముకు తాడు, పైకెక్కితేనే మిగతావాళ్ళకు దారి. అక్కడ రచయిత్రి ఆ పిల్లతో ఒక ప్రశ్న వేయిస్తుంది: నేను పైకి ఎందుకు ఎక్కాలి? కాజ్ కోసమా, బాకీ కోసమా? ఏదీ చాలదు. ఆ గొట్టంలో మొదటిసారి తనకు ఏం కావాలో తనే అనుకుంటుంది. ఒక ఓడ కావాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ఓడల్ని వేటాడాలి. అంతే, ఆ కోరికతో పైకెక్కుతుంది.

శర్విలకుడు గుర్తొచ్చాడా? వాడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసింది మదనికను దాస్యం నుంచి విడిపించుకోవడానికి. ఒక మగవాడు దొంగిలించి తెచ్చి ఆమెను విడిపిస్తాడు. పదిహేను వందల ఏళ్ళకు పైగా గడిచాక ఈ నవలలో మదనికే గోడెక్కుతోంది. కాజ్ ఆమె ఒప్పందం కొనిపించి ఆ ఇంట్లోంచి తప్పించాడు, నిజమే. కానీ కృతజ్ఞత పేరుతో ఆమె వాడికి లొంగిపోదు. కవచాలు విప్పి రా, లేకపోతే నాకొద్దు అని ముఖం మీదే చెప్తుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇక్కడుంటే, ఈ ఒక్క అధ్యాయం కోసమైనా ఈ పుస్తకం పిల్లల చేతిలో పెట్టమంటాను.

నీనా, మథియాస్ గురించి తొందరగా చెప్తాను. వాళ్ళది ప్రేమకథ, చదివేవాళ్ళకు ఎలాగూ నచ్చుతుంది. నీనా గ్రీషా, అంటే మంత్రశక్తి గలది, మనిషి గుండె వేగాన్ని చేతితో మార్చగలదు. మథియాస్ అలాంటివాళ్ళను వేటాడి చంపడానికి పెంచబడిన మంచుదేశపు సైనికుడు. నాకు ఇందులో పట్టిందల్లా భాష. నీనాకు వాడి భాష వచ్చు. ఓడ మునిగి ఇద్దరూ మంచులో ఒంటరిగా మిగిలినప్పుడు వాళ్ళను కలిపింది చలీ ఆకలే కాదు, ఆ భాష కూడా. తనను పురుగులా చూసేవాడితో వాడి మాటలోనే వాదిస్తుంది, వాడి మాటలోనే ఏడిపిస్తుంది. మన ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులు సవర మాట నేర్చుకోవాలని సవరవాళ్ళను ఇంట్లో పెట్టుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. కొండ మీదివాళ్ళను మనుషులుగానే చూడని రోజుల్లో ఆయన వాళ్ళ మాటకు చెవి ఒగ్గారు. ఈ నవలలో ఆరుగురూ నాలుగైదు దేశాలవాళ్ళు, తిట్టుకునేటప్పుడు ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటారు. మా వాడికి ఇది ఎంత సహజంగా అనిపించిందో! వాడు క్రికెట్ ఆడేటప్పుడు అవుటైతే ఒడియాలో, కాలికి దెబ్బ తగిలితే తెలుగులో అరుస్తాడు.

జెస్పర్ జూదరి, గురి తప్పని తుపాకీవాడు. చదువుకోమని తండ్రి పట్నం పంపితే జూదంలో పడ్డాడు. సరదాగా ఉంటాడు, మంచి పాత్రే, కానీ ఈ మొదటి పుస్తకంలో వాడి లోతు సగమే తవ్వారు.

ఇక వైలన్.

ఇక్కడ కథలోని ఒక రహస్యం బయటపెట్టకుండా నాకు కావలసింది చెప్పలేను. చదవాలనుకునేవాళ్ళు నన్ను క్షమించాలి. వైలన్ ఆ మూడు కోట్ల బేరం పెట్టిన వర్తకుడి కొడుకు. పదహారేళ్ళు, మెత్తనివాడు, పిల్లనగ్రోవి ఊదుతాడు, మందుగుండు కలపడం తెలుసు. తండ్రితో పడక ఇంట్లోంచి వచ్చేశాడని అందరూ అనుకుంటారు. తండ్రి ఇంటికి రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుంటాడు, కొడుకు జవాబివ్వడు. ఎంత మొండివాడో అనుకుంటాం. చివర్లో తెలుస్తుంది, ఆ పిల్లవాడికి చదవడం రాదు. అక్షరాలు వాడి కళ్ళ ముందు నిలబడవు. తండ్రికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఉత్తరాలు రాస్తున్నాడు.

ఈ వాక్యం మా వాడికి తెలుగులో చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. ఎందుకో చెప్తాను.

నేను చాలా ఏళ్ళుగా ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను, మీకు తెలుసు. చాలా కాలం కిందట ఒక పిల్లవాడు వచ్చేవాడు, అయిదో తరగతి. పాఠం చదవరా అంటే గడగడా చదివేవాడు. ఒకరోజు నా పక్కన కూర్చుని చదువుతున్నాడు, వాడి వేలు కింద వరసలో ఉంది, నోరు పై వరసలో ఉంది. నేను పట్టించుకోలేదు. ఇంకోరోజు అన్నం మెతుకు అంటుకుని రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. వాడు పేజీ తిప్పాడు, రెండూ కలిసి తిరిగాయి. ఆ లోపలి పేజీల్లో ఉన్నదంతా వాడు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పుకుంటూ పోయాడు. అతుక్కున్న పేజీల్లో ఉన్నది! పుస్తకమంతా విని కంఠతా పట్టేశాడు. ఒక్క అక్షరం గుర్తుపట్టలేడు. పట్టుబడ్డానని తెలిసి వాడు నా ముఖంలోకి చూసిన చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నేను ఏం చేశాను? వాళ్ళ నాన్నతో, పిల్లవాడికి శ్రద్ధ లేదు, బట్టీ పట్టి మోసం చేస్తున్నాడని చెప్పాను. బళ్ళో అప్పటికే వాడిని చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ఆ ఏడాదే చదువు మాన్పించి బైకుల రిపేరు షాపులో పెట్టారు. డిస్లెక్సియా అనే మాట అప్పటికి నేను వినలేదు. అలాంటి పిల్లలకు చట్టంలో చోటు దొరికింది 2016లో, వికలాంగుల హక్కుల చట్టంలో. ఆ పిల్లవాడి పాటికి అది చాలా ఆలస్యం. అయిదో తరగతి పుస్తకం మొత్తం చెవితో మోసుకు తిరిగిన బుర్రను నేను మోసం అన్నాను.

నవలలో వైలన్ ఏం చేస్తాడో తెలుసా? మథియాస్ నోటితో చెప్తుంటే విని, మంచుకోట మొత్తం పటం గీస్తాడు. గోడలు, వంతెనలు, కాపలా గదులు. ఆ పటమే లేకపోతే జట్టు లేదు. అక్షరం రానివాడి చేతిలోంచి వచ్చిన గీత మీద అయిదుగురి ప్రాణాలు నడుస్తాయి. మన పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఇంజను విప్పేటప్పుడు సిమెంటు నేల మీద సుద్దముక్కతో గీసుకుంటాడు, ఏ భాగం తర్వాత ఏది వచ్చిందో. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీతలు చూసుకుంటాడు. ఒక్క నట్టు మిగలదు. నా స్కూటీ వాడి దగ్గరికే తీసుకెళ్తాను. ఆ గీతలు చూస్తూ నిలబడతాను.

ఇప్పుడు నా కోపం చెప్తాను. ఈ పుస్తకంలో కాజ్‌కు అధ్యాయాలున్నాయి, ఇనెజ్‌కు, నీనాకు, మథియాస్‌కు, జెస్పర్‌కు ఉన్నాయి. ఆఖరికి మొదటి అధ్యాయంలో కనబడి పోయే ఒక కాపలావాడికి కూడా ఉంది. వైలన్‌కు ఒక్కటీ లేదు. రహస్యం దాచాలి కాబట్టి వాడి బుర్రలోకి మనల్ని వెళ్ళనివ్వలేదు, కారణం నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోలేను. చదవలేని పిల్లవాడిని చివరి బెంచీలో కూర్చోబెట్టినట్టే అయింది.

ఇంకో తప్పు మా వాడు పట్టుకున్నాడు. "అత్తా, ముందు చెప్పిన ప్లాను ఫెయిలవుతుంది, చెప్పకుండా దాచింది పాసవుతుంది" అన్నాడు సగం పుస్తకానికే. నిజమే. ఇనెజ్ కళ్ళతో చూస్తున్నప్పుడు కాజ్ ప్లాను మనకు తెలియకపోతే న్యాయం, ఎందుకంటే ఆమెకూ తెలియదు. కాజ్ సొంత అధ్యాయంలోనే, వాడి తల లోపల మనం కూర్చుని ఉండగానే, వాడు అనుకున్నది మన దగ్గర దాచడం మాత్రం సరైన పద్ధతి కాదు. ఒకటి రెండు చోట్ల అలా జరిగింది. మొదటి వంద పేజీలు కూడా కష్టం. దేశాల పేర్లు, ముఠాల పేర్లు, మంత్రశక్తుల రకాలు ఒకేసారి కుప్పపోస్తారు. దీనికి ముందే ఇదే లోకం మీద ఆవిడ 2012 నుంచి 2014 దాకా ఇంకో మూడు నవలలు రాశారు. అవి చదవకపోయినా ఇది అర్థమవుతుంది, కానీ ఓపిక పట్టాలి. నేను ఒక కాగితం మీద పేర్లు రాసి గోడకు అంటించాను. ఇంకొకటి, హింస ఉంది. ఓడ మీద కాజ్ ఒకడి కన్ను పీకే ఘట్టం ఉంది, అది మా వాడికి చెప్పకుండా దాటేశాను. పద్నాలుగు దాటిన పిల్లలకైతే ఫరవాలేదు. ఈ నవలల లోకం మీద నెట్‌ఫ్లిక్స్‌లో ఒక సీరియల్ 2021లో, 2023లో రెండు సీజన్లు వచ్చి ఆగిపోయింది. అందులో ఈ పాత్రలున్నాయి గానీ ఈ మంచుకోట దొంగతనం లేదు, అది చూసి పుస్తకం చదివేశామనుకోకండి.

(ఒక శ్రోత: పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు ముఠాలు నడపడం, జూదశాలలు నడపడం నమ్మేలా ఉందా అమ్మా?)

మంచి ప్రశ్న బాబాయిగారూ. చదివినవాళ్ళలో చాలామంది అడిగేది ఇదే. నాకూ కాజ్ విషయంలో కొన్నిచోట్ల ముప్పై ఏళ్ళవాడిలా అనిపించాడు. వాడి లెక్కలు, వాడి తొణక్కపోవడం అతిగానే ఉన్నాయి. కానీ మిగతావాళ్ళ విషయంలో నేను నమ్మాను. మన గంజాం వైపు నుంచి పదిహేనేళ్ళకే సూరత్ మరమగ్గాలకు వెళ్ళిన పిల్లలు మీకు తెలుసు, నాకు తెలుసు. రైలెక్కిన రోజున వాడికి చిన్నతనం అయిపోతుంది. సెలవుకు వచ్చినప్పుడు తండ్రిలా మాట్లాడతాడు, చెల్లెలి పెళ్ళి లెక్కలు వేస్తాడు. అదే పిల్లవాడు సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున గాలిపటం దొరికితే పరిగెత్తుతాడు. ఈ రచయిత్రికి ఆ రెండో సగం కూడా తెలుసు. చావు ముంగిట నిలబడి కూడా నీనా తిండి గురించి మాట్లాడుతుంది, జెస్పర్ వైలన్‌ను ఆట పట్టిస్తాడు. అక్కడ వాళ్ళ వయసు కనబడుతుంది.

(ఒక అమ్మాయి: ఇది తెలుగులో దొరుకుతుందా ఆంటీ?)

నేను చదివింది ఇంగ్లీషులోనే అమ్మా. నువ్వు ఏ తరగతి? పదోదా? అయితే ఇంగ్లీషులోనే మొదలుపెట్టు, నేను గోడకు అంటించిన ఆ పేర్ల కాగితం నీకిస్తాను. ఈ పుస్తకం ఇక్కడ గ్రంథాలయంలోనే వదిలి వెళ్తున్నాను, మా మేనకోడలిని అడిగే తెచ్చాను.

(ఇంకో శ్రోత: చివరికి డబ్బు వచ్చిందా వాళ్ళకి?)

రాలేదు. వర్తకుడు మాట తప్పాడు, ఇనెజ్‌ను పట్టుకుపోయాడు. ఎదురుగా కొడుకు నిలబడి ఉంటే, వేరే ముఖంలో ఉన్నాడు లెండి, గుర్తుపట్టలేదు కూడా. కొడుకు ఉన్నాడనుకున్న ఓడను ముంచమన్నాడు. కథ అక్కడ ఆగుతుంది. ఆ రాత్రి మా ఇంట్లో గొడవ. మా వాడు దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు, ఇలా ఎవడైనా ఆపుతాడా అని. మా అమ్మ కూడా వాడి పక్షమే.

రెండో భాగం ఉంది, 2016లో వచ్చింది. మేనకోడలికి ఫోన్ చేసి తెప్పించాం, పోయిన వారం బస్సులో వచ్చింది. అందులో వైలన్ పేరు మీద అధ్యాయం ఉంది. విషయసూచికలో మొట్టమొదట నేను చూసింది అదే. నిన్న రాత్రి దాకా అక్కడికి రాలేదు, ఇంకా జెస్పర్ దగ్గరే ఉన్నాం. ఇవాళ కరెంటు తీయకపోతే వస్తాం. ఆదివారం స్కూటీ సర్వీసింగుకు ఇవ్వాలి, ఆ షాపులో గంటసేపు కూర్చోవాలి ఎలాగూ. ఆ అధ్యాయం అక్కడ చెప్పాలని ఉంది, వాడు ఇంజను విప్పుతూ వింటానంటే.